ఒలకని కుండ

అనగనగా వాగు ఒడ్డున ఒక ఊళ్ళో గవరయ్య అని, పల్లకీ మోసే జట్టుకి పెద్ద ఉండేవాడు. ఊఁ కొడుతున్నావా? కొట్టు మరి.

జట్టులో గవరయ్య కాక ముగ్గురు. దాలయ్యకి తొందర, ఎవరి కోసమూ ఆగడు. చిట్టెబ్బాయి పొట్టి, పల్లకీ అతని వైపు ఒరిగిపోయేది. పోలయ్యకి నీళ్ళంటే భయం.

"ఈ అతుకుల బొంతతో ఏం మోస్తావయ్యా? మార్చెయ్యి," అన్నారు ఊళ్ళోవాళ్ళు.

"కుదురుకుంటారులే," అన్నాడు గవరయ్య.

అప్పుడేం చేశాడో తెలుసా? ఖాళీ పల్లకీలో నిండు నీళ్ళకుండ పెట్టాడు. రోజూ పొద్దున్నే దాన్ని మోసుకుని వాగు దాటి రావాలి. మొదటి ఏడాదంతా కుండలే పగిలాయి. గవరయ్య తన తలపాగా మడిచి చిట్టెబ్బాయి భుజం మీద వేశాడు. రెండో ఏడు సగం నీళ్ళు ఒలికాయి. దాలయ్యని వెనక్కి మార్చి, ముందువాళ్ళ అడుగు చూసి నడవమన్నాడు. మూడో ఏడు గుక్కెడే ఒలికాయి. అదీ వాగు మధ్యలో, పోలయ్య కొయ్యబారిపోయే చోట. గవరయ్య ఒక్కనాడూ కసరలేదు. "నీ కాలికి నేల తగిలాక చెప్పు, పోలిగా," అని నిలబడేవాడు. ఊరంతా నవ్వేది.

ఆ తర్వాత వానాకాలంలో గవరయ్య కూతురు బంగారమ్మకి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. ముసలి మంత్రసాని చూస్తే అవతలి ఒడ్డున. వాగు చూస్తే ఎర్రగా పొంగుతోంది.

బంగారమ్మని పల్లకీలో పడుకోబెట్టారు. అలవాటుకొద్దీ చిట్టెబ్బాయి ఆవిడ కాళ్ళ దగ్గర నీళ్ళకుండ కూడా పెట్టేశాడు, వెర్రిబాగులవాడు!

వాగులో దిగారు. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. అప్పుడు తొడలకొచ్చాయి. ఆ తర్వాత నడుముకొచ్చాయి. సరిగ్గా నట్టనడుమ పోలయ్య ఆగిపోయాడు.

లోపల బంగారమ్మ కేకలు. ఒడ్డున జనం అరుపులు, "నడవండ్రా! ఆలస్యం అమృతం విషం!" నీళ్ళు పల్లకీలోకి వచ్చి బంగారమ్మ చీర కుచ్చెళ్ళు తడిశాయి. గవరయ్యకి గొంతుదాకా తిట్టు వచ్చింది. కన్నకూతురు కదమ్మా! కానీ ఇప్పుడు లాగితే పోలయ్య పడతాడు, పోలయ్య పడితే పల్లకీ పడుతుంది. తిట్టు మింగేశాడు.

"ఆగండి," అన్నాడు. "నేల తగిలాక చెప్పు, పోలిగా."

చిట్టెబ్బాయి పళ్ళు బిగించి నిలబడ్డాడు. దాలయ్య కూడా ఆగాడు, చూశావా! పోలయ్య కాలితో వెతుకుతున్నాడు, వెతుకుతున్నాడు...

"తగిలింది మావా! నడవండి, అడుగు నేను చెప్తా."

ఆ పిరికివాడే "ఓహోం, ఓహోం" అంటుంటే నలుగురి అడుగూ ఒక్కటై పల్లకీ ఒడ్డెక్కింది.

"వాగంతా బురదే, మంచినీళ్ళేవర్రా?" అంది మంత్రసాని. చిట్టెబ్బాయి కుండ అందించాడు. అంచుదాకా నిండుగా ఉంది. మంత్రసాని బిడ్డని మెల్లగా తిప్పి క్షేమంగా పురుడు పోసింది, ఆ నీళ్ళతోనే బిడ్డకి తొలిస్నానం. గవరయ్య కుండని చూశాడు, ముగ్గురినీ చూశాడు, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

తొందరపడితే వాగు పాలు,
ఓర్చుకుంటే ఒడ్డు మేలు.
కథ పల్లకీలో కంచికి,
మనం మెల్లగా ఇంటికి,
నిద్రమ్మా, రా నా బంగారు కంటికి!