చేపల దువ్వెన

సన్యాసి పరదేశికి ఒళ్ళు మండిపోతోంది. ఏరు దాటి, ఎండలో రాళ్ళదారిన పడి తిరిగి తిరిగి వచ్చాడు. ఆశ్రమం మెట్ల మీద కూర్చున్న ముసలావిడను చూడగానే ఆ మంట రెట్టింపయింది.

కొండదారిలో తప్పిపోయి వచ్చిన మనిషి ఆవిడ. పేరడిగితే నవ్వుతుంది, ఊరడిగితే ఏడుస్తుంది. అన్నీ మరిచిపోయింది. ఆవిడెవరో చెప్పడానికి మిగిలింది కొప్పులోని కొయ్య దువ్వెన ఒక్కటే. దాని పిడి మీద ఎదురెదురుగా రెండు చేపలు చెక్కి ఉన్నాయి.

చెక్కడం చూసి అది ఏ జాతి వాళ్ళ పనో చెప్పడంలో పరదేశి ఆరితేరినవాడు. గురువమ్మ యోగాంబ దగ్గర చేరకముందు ఊరూరా తిరిగి నేర్చిన విద్య అది. చేపల్ని చూస్తూనే ఇది ఏటి అవతలి వాళ్ళదని తేల్చేశాడు. రుజువు చేసుకొస్తానని, ముసలావిడ వద్దు వద్దంటున్నా కొప్పులోంచి లాక్కుని మరీ వెళ్ళాడు.

అక్కడి పెద్దలు చెక్కడం తమదేనన్నారు. మనిషి మాత్రం తమ మనిషి కాదన్నారు. ఆడవాళ్ళ దువ్వెన పట్టుకుని తిరుగుతున్నావు, సన్నాసం ఎక్కడ పారేసుకున్నావు స్వామీ అని పకపకా నవ్వారు.

"నీ ఊరేదో నీకే తెలీకపోతే మేమెక్కడ చచ్చేది?" అని ముసలావిడ మీద విరుచుకుపడ్డాడు పరదేశి.

ఆవిడ జుట్టు విరబోసుకుని ఖాళీ తలను తడుముకుంటోంది. ముందున్న జావ తరక కట్టింది. దువ్వెన పోయినప్పటి నుంచి ఏమీ ముట్టలేదని, ఇలాగే ఉంటే ఇల్లు చేరేదాకా ప్రాణం నిలవదని వంటామె అంది.

యోగాంబ లోపలినుంచి వచ్చింది. ఎన్నడూ కసురుకోని మనిషి.

"ఇటివ్వు" అంది.

ఆ ఒక్క మాటలోని కోపానికి పరదేశి గబగబా దువ్వెన తీసి ఇచ్చేశాడు.

ఆమె దువ్వెనను చూడనైనా చూడలేదు. ముసలావిడ చేతిలో పెట్టింది. తన నెరిసిన జుట్టు విప్పేసి, కింది మెట్టు మీద ఆవిడకు వీపు తిప్పి కూర్చుంది.

మెల్లగా ముసలావిడ చెయ్యి కదిలింది. చిక్కు తీసింది, పాయలు తీసింది. కదలొద్దన్నట్టు గురువమ్మ నెత్తిన ఒక్కటి మొట్టింది. పరదేశి గభాలున ముందుకొచ్చాడు కానీ, యోగాంబ చూసిన చూపుకు అక్కడే ఆగిపోయాడు. జుట్టంతా ఎడమ చెవి మీదికి ముడిగా చేరింది. కొసను మెలేసి లోపలికి దోపి, ముసలావిడ దువ్వెనను తన తలలో గుచ్చుకుంది. జావ ముంత దగ్గరికి లాక్కుంది.

ఆ రోజు కొండకింద సంత. యోగాంబ ఆ వాలుముడితోనే బయల్దేరింది.

పరదేశికి తల కొట్టేసినట్టయింది. "కొంగయినా కప్పుకోండమ్మా, జనం చూస్తారు" అన్నాడు.

"చూడాలనే" అంది, నడక ఆపకుండా.

సంతలో అల్లం గంపల మధ్య నుంచి ఒక నడివయసు ఆడమనిషి లేచి వచ్చింది. ఇవతలి కొండల మనిషి. యోగాంబ మొహం వైపు చూడనేలేదు, ముడినే చూసింది.

"ఈ ముడి మా ఊరి ఆడోళ్ళందరూ వేస్తారు. కొస ఇలా మెలేసేది మా మేనత్త ఒక్కతే. ఎక్కడుంది తల్లీ?"

దారి పొడుగునా ఏడుస్తూనే వెంట వచ్చింది. మెట్ల మీది ముసలావిడను కావలించుకుని, తలలో దువ్వెన తడిమి చూసి, అది తన మావ పెళ్ళికి ముందు చెక్కిచ్చినదని చెప్పింది. ఆయన ఏటి అవతల నుంచి వీళ్ళ ఊరికి ఇల్లరికం వచ్చిన మనిషట.

పరదేశి మొహం విప్పారింది. "చూశారా అమ్మా? దువ్వెన ఏటి అవతలిదేనని నేను మొదటే చెప్పాను."

యోగాంబ అతని వైపు తిరిగింది. కళ్ళల్లో కోపం ఇంకా చల్లారలేదు.

"చెప్పావు. దువ్వెనను పుట్టింటికి తీసుకెళ్ళి వచ్చావు కూడా."