చంకలో యుద్ధనౌక

మణిగిరి గ్రహాన్ని ఏలే ఉదయార్క మహారాజుకు ఒకరోజు పెరుగన్నం తింటుండగా ఒక సందేహం వచ్చింది. ఒకే యుద్ధానికి రెండు వేగుదళాలు ఎందుకు అని.

సందేహం సబబైనదే. ఒక దళం చండకేతుడిది. ఆయన దగ్గర వెయ్యి యంత్రనేత్రాలు ఉన్నాయి. ఒక్కొక్కటి కొబ్బరికాయంత ఉంటుంది. ఆకాశంలో ఎగిరి, చూసింది చూసినట్టు గట్టిగా చెబుతుంది. రెండో దళం నూకరత్నానిది. ఆమె దగ్గర నలుగురు మనుషులు, ఒక పాత ఓడ ఉన్నారు. ఓడని కూడా ఆమె మనుషుల్లోనే లెక్కేసేది.

మహారాజు ఇద్దరినీ సభకు పిలిపించాడు.

“మన చందమామకు అవతలి వైపున క్రౌంచగ్రహం వాళ్ళు దిగారు. ఎన్ని యుద్ధనౌకలతో దిగారో నాలుగు రోజుల్లో తేల్చండి. ఎవరి మాట నిజమైతే ఆ దళం ఉంటుంది. రెండోది ఇంధనం పీపాలు కడుగుతుంది.”

చండకేతుడు మీసం సవరించుకున్నాడు.

“నాలుగు రోజులెందుకు మహాప్రభూ. సాయంత్రానికి చెబుతాను.”

చెప్పాడు కూడా. తొమ్మిది వందల నౌకలు. ఒక్కొక్కటి రెండు వందల అడుగుల పొడవు. అన్నిటి ఇంజన్లూ వెచ్చగా, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాయి.

మణిగిరికి ఉన్నవి ఎనభై నౌకలు. చందమామకు ఇవతలి వైపున పాలవెల్లి పట్నం ఉంది, అందులో నలభై వేల మంది జనం ఉన్నారు.

“పట్నం ఖాళీ చేయించడమే మంచిది” అన్నాడు చండకేతుడు.

మహారాజు బరువుగా తలూపాడు. మూటలు కట్టుకోమని పాలవెల్లికి కబురు వెళ్ళింది.

ఆ పట్నంలో నూకరత్నం అక్క ఇరవై ఏళ్ళుగా ఇడ్లీల కొట్టు నడుపుతోంది. కబురు అందగానే చెల్లెలికి ఫోను చేసింది.

“రుబ్బురోలు తెచ్చుకోనిస్తారంటావా?” అని అడిగింది.

“ఇప్పుడే ఏమీ సర్దకక్కా. నాలుగు రోజులు ఆగు” అంది నూకరత్నం.

ఆ పూటే దళాన్ని ఓడెక్కించింది. చందమామకు అవతల ఒక గుట్ట వెనక దిగి, బోర్లా పాకుతూ గుట్ట పైకి చేరారు. కింద మైదానంలో వరసలు వరసలుగా నౌకలున్నాయి. దళంలో బలమైన వాడు పోలినాయుడు ఓపిగ్గా లెక్కపెట్టాడు.

“తొమ్మిది వందలే అక్కా. పీపాలు కడగడానికి చీపుర్లు మనమే తెచ్చుకోవాలా, వాళ్ళిస్తారా?”

నూకరత్నం నౌకల్ని చూడడం లేదు. నేలని చూస్తోంది.

చందమామ మీద గాలి వీచదు. దుమ్ములో ఒకసారి అడుగు పడితే అది అలాగే ఉండిపోతుంది. మైదానంలో పదకొండు నౌకల దగ్గరికి మాత్రం జనం తొక్కి తొక్కి దారులు పడ్డాయి. మిగతా ఒక్కొక్క నౌక దగ్గరికీ ఒకే ఒక్క మనిషి అడుగులు వెళ్ళాయి, ఒక్కసారి తిరిగొచ్చాయి. అంతే.

“నౌకకు నాలుగు వందల మంది సిపాయిలుంటారు. వాళ్ళు దిగి కాళ్ళు చాపుకోరా?” అంది నూకరత్నం.

కాపలావాడు అటు తిరిగినప్పుడు ఆమె చివరి వరసలోని నౌక దాకా పాకింది. దాని మీద చెయ్యి వేసింది. చెయ్యి లోపలికి దిగింది.

నాలుగో రోజు సభ తీరింది. చండకేతుడు ముందుగా లేచాడు.

“శుభవార్త మహాప్రభూ. ఈ ఉదయం ఎనిమిది వందల తొంభై తొమ్మిదే ఉన్నాయి. నా నేత్రాలు చూస్తున్నాయని తెలిసి ఒక నౌక భయపడి పారిపోయింది.”

మహారాజు సంతోషించి మెడలోని ముత్యాల హారం తీసి ఆయన మెడలో వేశాడు. సభ చప్పట్లు కొట్టింది.

“నూకరత్నం, నీ లెక్క ఎంత?”

“పదకొండు, మహారాజా. మిగతావి ఉత్త గాలి.”

చండకేతుడు జాలిగా చూశాడు. “ఏమమ్మా, మరి పారిపోయిన నౌక సంగతేమిటి? అదీ గాలేనా?”

“అది పారిపోలేదు బాబూ. బయట పోలినాయుడి చంకలో ఉంది.”

పోలినాయుడు లోపలికొచ్చి, చాపలా చుట్టిన రబ్బరు గుడ్డని సభ మధ్యలో దించాడు. ఒక పక్క ఫిరంగుల బొమ్మలు, రంగు ఇంకా వాసనేస్తోంది. మడతల్లో చిన్న కుంపటి కూడా ఉంది.

“ఇంజను వేడి ఇదే, మహారాజా” అన్నాడు.

చండకేతుడి మొహం ఎర్రబడింది. “ఇలాంటిది ఏ బజారులోనైనా కుట్టిస్తారు. నా నేత్రాలు గుడ్డకి మోసపోతాయా?”

“వాటినే అడిగితే సరి” అంది నూకరత్నం.

అందరూ కోట ముందున్న మైదానానికి వెళ్ళారు. దళం వాళ్ళు కుంపటి వెలిగించి లోపల పెట్టి, గాలి కొట్టారు. గుడ్డ లేచి రెండు వందల అడుగుల యుద్ధనౌకయింది. చండకేతుడు స్వయంగా ఒక నేత్రాన్ని పైకి వదిలాడు. అది నౌక చుట్టూ రెండు సార్లు తిరిగి, సూటిగా మహారాజు చెవి దగ్గరికి దిగింది.

“శత్రు యుద్ధనౌక. లోపల నాలుగు వందల మంది సైనికులు. మహారాజు వెంటనే పారిపోవాలి.”

మహారాజు నేత్రాన్ని చూశాడు. నౌక దగ్గరికి నడిచి వేలితో పొడిచాడు. చెయ్యి మోచేతి దాకా దిగబడింది.

చండకేతుడు తనంతట తానే హారం తీసి చేత్తో పట్టుకున్నాడు.

మహారాజు ముందు ముక్కుతో నవ్వాడు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వుతున్నాడని రూఢి చేసుకుని మంత్రులు కూడా నవ్వారు. హారం నూకరత్నం మెడలోకి మారింది. దళానికి కొత్త ఓడ దక్కింది.

“ఇంకేం కావాలో కోరుకో.”

“పాలవెల్లి వాళ్ళని మూటలు విప్పుకోమనండి మహారాజా. అది ముందు.”

కబురు అక్కడికక్కడే వెళ్ళింది. నేత్రం మాత్రం ఇంకా పారిపొమ్మని చెబుతూనే ఉంది. పోలినాయుడు భుజం మీది తువ్వాలు తీసి దానిమీద కప్పాడు.