బాతుకు పడ్డ రెండో గింజ

పక్షులన్నీ కలిసి గద్ద రాజును తరిమేశాయి. ఇక రాజులొద్దు, మనలోనే ఒకరిని ఎన్నుకుందాం అనుకున్నాయి. కొండ కొమ్మున గద్ద గూడు ఖాళీగా ఉంది. దాన్ని చూసినప్పటి నుంచీ కాకికి తిండి సయించడం లేదు. ఎలాగైనా అందులో కూర్చోవాలి.

ఎన్నిక పద్ధతి ఇలా పెట్టుకున్నాయి. ప్రతి తోపు తరఫునా ఒక పక్షి వచ్చి రెండు గింజలు వేస్తుంది, ఇద్దరి చిప్పల్లో. ఎక్కువ గింజలు పడ్డవాళ్లు పెద్ద, ఆ తర్వాతివాళ్లు చిన్నపెద్ద. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి!

కాకులు లేని తోపుండదు కదా, చాలాచోట్ల ఒక గింజ తనదేనని కాకికి ధీమా. భయమల్లా రెండోది తనకు పోటీగా నిలబడ్డ నెమలికి పోతుందేమోనని. అందుకే తోపు తోపూ తిరిగింది.

“రెండోది బాతుకు వేసేయండి. పాపం, ఎగరనైనా ఎగరలేదు. దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు.”

నెమలి మాత్రం ఊరుకుంటుందా? కాకికి గింజ పడకూడదని అదీ తిరిగింది, అదీ అదే మాట చెప్పింది.

కొంగ చిప్పలు తిరగేసి లెక్కపెట్టింది. ఇష్టంతో వేసిన గింజేదో, ఎత్తుగడతో వేసిన గింజేదో చిప్పకేం తెలుసు? బాతు చిప్ప పొర్లిపోతోంది. దాని తర్వాత కాకి.

“నేనా? అయ్యో, ఉండండుండండి, కాళ్లు కడుక్కుని వస్తా!” అంది బురదగుంటలోని బాతు.

వచ్చి, కొండవైపు చూసి నవ్వేసింది. “అంతెత్తు నేనెక్కడ ఎక్కుతాను? ఆ గూడే కిందికి దించండి.”

“ఎవరు దించాలి?” అడిగింది కొంగ.

“మా చిన్నపెద్ద ఉన్నాడుగా!”

కాకికి ఒళ్లు మండిపోయింది. అయినా ఒప్పుకున్న పద్ధతాయె. తిట్టుకుంటూ ఒక్కో పుల్లే మోసింది. చివరి పుల్ల మిగిలాక బోడి కొండ మీద నిలబడి, ఛాతీ విరుచుకుని “కావ్!” అంది. ఒక్కరూ తలెత్తలేదు. అందరూ కింద గూడు చుట్టూ మూగి కబుర్లలో ఉన్నారు. కాకికి ఏడుపొచ్చినంత పనైంది. పుల్ల పట్టుకుని దిగింది.

బాతు పక్కకు జరిగింది. “రా కాకన్నా! నువ్వు తిరగబట్టే కదా నాకిన్ని గింజలు. కూర్చో.”

కాకి గునుస్తూనే కూర్చుంది. కూర్చున్నాక మెత్తగానే ఉంది.

అంతలో కోడి పిల్లల్ని వెంటేసుకుని నడిచొచ్చింది. గూడు కొండ మీదున్నన్నాళ్లూ దాని మొర విన్నవాళ్లు లేరు.

“చెప్పమ్మా,” అంది బాతు.

“నా ఫిర్యాదు ఆ కాకి మీదే,” అంది కోడి.