పేరు మధ్య గీత ఉన్న మేకపిల్ల

"జాజి-మబ్బూ... ఓ జాజి-మబ్బూ..."

ఎర్రగుట్ట మీద మేకలన్నీ నమలడం ఆపేశాయి. అలాంటి పేరు ఆ గుట్ట ఎప్పుడూ వినలేదు. ఇరవైమూడు పిల్లల్లో ఒక్కటంటే ఒక్కటే తల ఎత్తింది. నుదుట తెల్లచుక్క ఉన్న పిల్ల. చెవులు ఎగరేసుకుంటూ వచ్చి తల్లి పొదుగు కింద దూరింది. మిగతా ఇరవైరెండూ బండల మీద ఎగురుతూనే ఉన్నాయి.

"ఎవర్నే పిలిచావు?" అంది గంటమ్మ. మందలో మెడకు గంట ఉన్నది ఆమెకొక్కదానికే. గంట కంటే నోరే ఎక్కువ మోగుతుందని అందరూ అనేవాళ్ళు.

"నా బిడ్డను పిన్నీ" అంది జాజి. తొలి కాన్పు మేక. గోధుమ రంగు ఒళ్ళు, పెద్ద కళ్ళు, ఇక్కడే ఉన్నా ఎక్కడో ఉన్నట్టుండే చూపు.

"నీ బిడ్డ పేరు చిట్టి కదా."

"అందరి బిడ్డలూ చిట్టీలేగా పిన్నీ. అదీ ఒక పేరేనా?"

ఆ మంద కట్టుబాటు అలాంటిది. కొమ్ములు మొలిచేదాకా ఆడైనా మగైనా ప్రతి పిల్లా చిట్టే. ఏ తల్లి "చిట్టీ" అని పిలిచినా పిల్లలన్నీ పరుగెత్తుకొస్తాయి. పిల్లలు పరుగెత్తాయంటే వాటి వెనకే తల్లులూ వస్తాయి. దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ములో ఎవరి బిడ్డను వాళ్ళు వాసన చూసి ఏరుకోవాలి. రోజుకు పదిసార్లు ఇదే గోల. కొమ్ములు వచ్చాకే రంగును బట్టో, గుణాన్ని బట్టో సొంత పేరు. జాజికి ఆ పేరు అలా వచ్చిందే.

మందకు పెద్ద మోడుకొమ్ము అవ్వ. ఒక కొమ్ము సగానికి విరిగి ఉండేది. ఆమె నెమ్మదిగా అడుగులేసుకుంటూ దగ్గరికొచ్చింది.

"ఏమని పిలిచావమ్మా? ఇంకోసారి అను."

"జాజి-మబ్బు. మధ్యలో కాస్త ఆగాలి అవ్వా. అక్కడ ఒక గీత ఉంటుంది."

"గీత దేనికి?"

మబ్బు అంటే ఆ పిల్ల తండ్రి. బూడిద రంగు పోతు. మేకలు సీతాఫలం ఆకు ముట్టవు గానీ మబ్బు ఎప్పుడూ ఆ చెట్లకే ఒళ్ళు రుద్దుకునేవాడు. పక్కన నిలబడితే నలిగిన ఆకు వాసన వచ్చేది. తొలకరి పడిన సాయంత్రం ఇద్దరూ ఒక బండ కింద ఒకరికొకరు ఆనుకుని నిలబడ్డారు. బండ అంచు నుంచి రాలే చినుకులను జాజి లెక్కపెట్టింది, లెక్క తప్పింది, మళ్ళీ మొదలుపెట్టింది. ఆ వానాకాలం పోకముందే మబ్బు మెడకు తాడు కట్టి సంతకు తోలుకుపోయారు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. దారిన పోయే బండి చప్పుడులో అది వినపడలేదు. ఏమన్నాడో అని జాజి ఇప్పటికీ రోజుకో మాట ఊహించుకుంటుంది.

"ఆయన పోయిన దారి ఉంది కదా అవ్వా, ఆ గీత అదే" అంది చివరికి.

గంటమ్మ ముక్కు చీదింది. "పేరు గొప్ప, ఊరు దిబ్బ. పిల్ల జానెడు లేదు, పేరు బారెడు. పిలవడం అయ్యేసరికి పాలు పెరుగవుతాయి."

అవ్వ నవ్వలేదు. "ఈ పేరు నీకే తోచిందా?"

"నాకే తోచింది" అంది జాజి, చూపు పక్కకు తిప్పుకుని.

అది అబద్ధం. నాలుగు రోజుల కిందట వంకలో నీళ్ళు తాగుతుంటే అవతలి గట్టున నక్క కనిపించింది. బడి వెనక పొదల్లో పుట్టి పెరిగిన నక్క అది. నాలుగు అక్షరం ముక్కలు వచ్చునని చెప్పుకునేది.

"అమ్మాయ్, బిడ్డ చందమామలా ఉందే. ఏం పేరు?"

"చిట్టి, మామా."

"అయ్యో రాత. ఆ చీమిడిముక్కు పిల్లా చిట్టే, నీ బంగారమూ చిట్టేనా? రేపు వాళ్ళ నాన్న తాడు తెంపుకుని వస్తే, ఇన్ని చిట్టీల్లో తన చిట్టి ఏదని వెతుక్కుంటాడు పాపం?"

ఆ మాట జాజికి ముల్లులా దిగింది. నక్క గోటితో ఇసుకలో జాజి అని రాసింది. కొంచెం ఎడంగా మబ్బు అని రాసింది. రెంటి మధ్యా అడ్డంగా ఒక గీత గీసింది.

"పట్నంలో ఇప్పుడు ఇట్లాగే పెడుతున్నారు. ఒక పక్క తల్లి, ఒక పక్క తండ్రి. ఇద్దరూ విడిపోకుండా మధ్యలో ఈ గీత. ఇలాంటి పేరు ఈ గుట్ట మీద ఇంకెవరికీ ఉండదు. రోజూ గట్టిగా పిలువు, పిల్లకు అలవాటు కావాలి. నేను చెప్పానని మాత్రం అనకు, మీవాళ్ళకు నేనంటే గిట్టదు."

"ఇందులో నీకేంటి మామా?"

"నాకేముంది తల్లీ. మంచి పేరు వింటే చెవులకు హాయి, అంతే."

జాజికి చదువు రాదు. అయినా ఆ గీతను చూస్తూ, గాలికి ఇసుక కదిలి అది చెరిగిపోయేదాకా అక్కడే నిలబడింది.

నక్క వినయం ఎందుకో గుట్ట మీద ఎవరినడిగినా చెప్పేవాళ్ళు. ఏ మేక గొంతునైనా అచ్చు గుద్దినట్టు పలకడం దానికి వచ్చు. పలికి మాత్రం ఏం లాభం? పొదలో కూర్చుని "చిట్టీ" అంటే ఒక పిల్ల రాదు, మందంతా కొమ్ములు వంచుకుని దిగుతుంది. కిందటేడు అలా పిలిచి రెండు పక్కటెముకలు విరగ్గొట్టుకుంది. దానికి కావలసింది ఒక్కటే. పిలిస్తే ఒక్క పిల్ల మాత్రమే పలికే పేరు.

"చూడు జాజీ" అంది అవ్వ. "ఇది పెద్దలు పెట్టిన కట్టుబాటు. కొమ్ములొచ్చేదాకా చిట్టి అనే పిలువు."

"పెద్దలకేం తెలుసు అవ్వా? వాళ్ళు ఎవరినైనా ఇట్లా తలుచుకుని ఉంటే కదా."

అవ్వ దవడ ఒక్క క్షణం ఆగింది. "ఏమోనమ్మా" అని వెళ్ళిపోయింది.

జాజి మానలేదు. పొద్దునా సాయంత్రం బండెక్కి పిలిచేది. మూడు రోజులకే ఆ పిల్ల "చిట్టీ" అంటే తలెత్తడం మానేసింది. తోటి పిల్లలు ఆటకు పిలిచినా, నేను చిట్టిని కాదు అని మొహం తిప్పుకునేది. దాంతో ఒంటరిగా ఆడుకోవడం అలవాటైంది.

ఆ మరుసటి సాయంత్రం కాపరి కట్టెలు ఏరుకోవడానికి అవతలి వాలుకు పోయాడు. జాజి, అవ్వ పక్కపక్కనే తుమ్మకాయలు ఏరుకు తింటున్నారు. కింద వంకలోంచి పిలుపు వచ్చింది.

"జాజి-మబ్బూ..."

జాజి గొంతే. మధ్యలో ఆగవలసిన చోట ఆగింది కూడా.

జాజి నోట్లో కాయ జారిపోయింది. "అవ్వా, నేను ఇక్కడే ఉన్నాను కదా."

అప్పటికే తెల్లచుక్క పిల్ల తోక నిక్కబొడుచుకుని వాలు దిగుతోంది. "జాజి-మబ్బూ, ఆగు తల్లీ" అని అరిచింది జాజి. పిల్ల ఆగింది. పైనుంచి అమ్మ, కిందినుంచీ అమ్మే. అటూ ఇటూ చూసింది.

"ఇటు రా బంగారం" అంది కింది గొంతు. "నాన్న వచ్చాడు."

అంతే, పిల్ల దౌడు తీసింది. జాజి కాళ్ళు ఎందుకో రాయిలా నిలబడిపోయాయి. వెళ్ళి అందుకునే దూరం కూడా కాదు.

అవ్వ ఒక్క గెంతులో బండెక్కింది. ఆ వయసులో ఆమె గెంతడం ఎవరూ చూసి ఎరగరు.

"చిట్టీ" అని పిలిచింది. ఇరవైరెండు పిల్లలూ వచ్చిపడ్డాయి.

"వినండర్రా. ఇవాళ మీ అందరి పేరూ జాజి-మబ్బే. కింద మిమ్మల్నే పిలుస్తున్నారు. పోండి."

"అందరమా అవ్వా?"

"అందరూ."

పిల్లలకు ఇంతకంటే మంచి ఆట ఏముంటుంది? గులకరాళ్ళు దొర్లినట్టు దొర్లాయి. "ఒసే, నా పిల్ల ఎటు పోతోందే" అంటూ గంటమ్మ కదిలింది. గంట మోగేసరికి తల్లులన్నీ కదిలాయి. ఆ తోపులాటలో జాజి కాళ్ళకూ జీవం వచ్చింది.

వంకలో నక్క పెదాలు తడుపుకుంటోంది. తెల్లచుక్క పది అడుగుల దూరంలో ఉంది. దాని వెనక ఇంకో పిల్ల. ఆ వెనక ఐదు. ఆ వెనక దుమ్ము.

"పిలిచావా మామా?" అంది ఒక నల్లపిల్ల.

"నిన్ను కాదే. నేను పిలిచింది జాజి-మబ్బును."

"నేనే జాజి-మబ్బును."

"నేనూ."

"మామా, నేను కూడా. నాన్నేడీ?"

"ఒక్క పేరుకు ఎంతమందే మీరు" అని నక్క లెక్క మొదలుపెట్టింది. ఏడు దాకా వచ్చేసరికి దుమ్ములోంచి కొమ్ములు దిగాయి. ఆ తర్వాత లెక్కపెట్టింది మేకలే, అదీ నక్క పక్కటెముకలను. పిల్లలు తోక మీదుగా పరుగెత్తాయి. కుంటుకుంటూ, తాను రాసిన పేరునే తిట్టుకుంటూ నక్క వంక దాటి పోయింది.

"నక్కతోక తొక్కితే అదృష్టమంటారు" అంది గంటమ్మ రొప్పుతూ. "ఈ ఏడు మన పిల్లలకు తిరుగులేదు."

జాజి బిడ్డను ఒళ్ళంతా వాసన చూసింది. గీరుకుపోయిన మోకాలు తప్ప ఏమీ కాలేదు. అప్పుడు అవ్వ ముందు తల వంచింది.

"అబద్ధం చెప్పాను అవ్వా. పేరు పెట్టింది నక్కే. ఇంకో మాట. నాన్న వచ్చాడు అన్నప్పుడు, ఒక్క క్షణం, నేనూ నమ్మాను. అందుకే కాళ్ళు కదల్లేదు."

అవ్వ ఆమె మెడను నాకింది.

"ఇంక ఆ పేరు పలకను అవ్వా."

"పలుకు. పాలిచ్చేటప్పుడు దాని చెవిలో పలుకు. కొమ్ములొచ్చాక గుట్టంతా వినేలా పలుకు. అందాకా నలుగురిలో చిట్టే."

"అదీ మాట" అంది గంటమ్మ. "ఒక్క పేరుకు ఇరవై పిల్లలు పలికే చోట, ఒక్క పిల్లకు ఇరవైమంది తల్లులు. పెద్దలు ఊరికే పెట్టారా?"

"పెద్దలు పెట్టలేదు" అంది అవ్వ.

మేకలన్నీ అటు తిరిగాయి. ఆ కట్టుబాటు కొండ పుట్టినప్పటి నుంచి ఉన్నదనే అందరూ అనుకుంటున్నారు.

"నేను పెట్టాను. మీరెవరూ పుట్టలేదు అప్పటికి. నా తొలి బిడ్డకు తేనెవాన అని పేరు పెట్టుకున్నాను. వాళ్ళ నాన్నను కలిసిన రోజు ఎండలోనే వాన పడింది, ఆ చినుకులు తేనె రంగులో ఉన్నాయి. ఆ పేరు పిలుస్తుంటే నాకే ముద్దొచ్చేది. గుట్టంతా వినాలని రోజూ బండెక్కి పిలిచేదాన్ని. ఈ నక్క తల్లి కూడా వింది."

గంటమ్మ మెడలో గంట కూడా మోగలేదు.

"బండ మీంచి జారి పడిందని అప్పుడు అందరికీ చెప్పాను. జారలేదమ్మా. నేను నేర్పిన పేరు పెట్టి ఎవరో పిలిస్తే, పలుకుతూ ఒక్కతే వెళ్ళింది."