వెనక్కి పడని గేర్లు

చిలకలూరిపేట బైపాసు పక్కన ఉన్న మీరావలి మేస్త్రి షెడ్డుకు బండి ఎవరు తెచ్చినా ఒకటే మర్యాద జరిగేది. యజమాని నోరు తెరిచి "దీని జబ్బేమిటంటే..." అనగానే మేస్త్రి చెయ్యెత్తి ఆపేసి, ముందు టీ తాగి రమ్మని ఎదురుకొట్టుకు పంపేవారు. ఆయన తిరిగొచ్చేలోపు బండిని తానే ఒక చుట్టు తిప్పి, అది చెప్పుకునేది వినేవారు. దీనికి అలిగి వెళ్లిపోయిన పెద్దమనుషులూ ఉన్నారు. నేను ఆ షెడ్డు వసారాలోనే కార్లకు సీటు కవర్లు కుట్టేవాణ్ణి కాబట్టి ఈ తంతు ఏళ్ల తరబడి చూశాను.

మేస్త్రి దగ్గర పని నేర్చినవాళ్లలో ఏసుబాబు గట్టివాడు. పెళ్లాంపిల్లలున్నవాడు, పనితనం ఉన్నవాడు, రేపో మాపో సొంత షెడ్డు పెట్టుకోబోతున్నాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"మేస్త్రిగారూ, మన పనే అనుమానించడం. క్లచ్చా, గేరుబాక్సా, ఆయిలా అని ఒక్కోదాన్నీ అనుమానిస్తేనే గదా లోపం దొరికేది. బండిగలాయన అనుమానం కూడా వింటే మనకు పోయేదేముంది?"

"ఈసారి వచ్చే బండి నువ్వే చూడు. ఆయన చెప్పేదంతా తీరిగ్గా విను," అన్నారు మేస్త్రి. బీడీ ముట్టించుకున్నారు.

ఆ బండి మర్నాడే వచ్చింది. పదిహేడేళ్ల పాత తెల్ల కారు. యజమాని సుదర్శనం గారు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. పంతుళ్ల హాజరుపట్టీల్లో దొంగ సంతకాలు పట్టుకోవడంలోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది, ఆ చూపు ఇంకా పోలేదు. ఆయన వెనకాల డ్రైవరు అంకారావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పదకొండేళ్లుగా ఆ బండి నడుపుతున్నది అతనే.

"గేర్లు పడి చావడం లేదు. రెండోది మొరాయిస్తుంది, నాలుగోది పడ్డట్టే పడి బయటికి దూకేస్తుంది, రివర్సు వేస్తే కర్రుమంటుంది," అన్నారు సుదర్శనం గారు ఏసుబాబుతో. తర్వాత గొంతు తగ్గించారు. అదీ అంకారావుకు బాగా వినబడేటట్టే తగ్గించారు. "నేను ఊళ్లో లేనప్పుడు వీడు పెళ్లిళ్లకు తిప్పేవాడని నా అనుమానం. గేరుబాక్సు పాడుచేసింది వీడేనని ఒక ముక్క రాసివ్వు. ఇవాళే పంపించేస్తాను."

ఆ ముక్క రాసిస్తే పేటలో అంకారావుకు మళ్లీ స్టీరింగు ఇచ్చే నాథుడుండడు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

పని మొదలుపెట్టకముందే ఏసుబాబు మనసులో దొంగ దొరికిపోయాడు. ముందు అంకారావును నడపమన్నాడు. అతను మణికట్టు కొంచెం తిప్పి, నెమ్మదిగా, దాదాపు చప్పుడు లేకుండా రెండో గేరు వేశాడు. అదీ నేరమే అయింది. "కిటుకులు తెలిసినవాడు," అన్నట్టు యజమానీ ఏసుబాబూ మొహమొహాలు చూసుకున్నారు. షెడ్డుకొచ్చి గేరాయిలు దింపితే నల్లగా ఉంది, బోల్టు కొసకు చిటికెడు ఇనప పొడి అంటుకుంది. పదిహేడేళ్ల బండిలో అవి లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. అయినా ఏసుబాబు తల పంకించాడు. క్లచ్చు పెడలు రబ్బరు అరిగి ఉంటే, "చూశారా, కాలు దీనిమీద నుంచి తియ్యడు," అన్నాడు. నేనూ తక్కువ తినలేదు. సీటు కింద నాలుగు పసుపు బియ్యపు గింజలు కనబడితే పనిగట్టుకుని తెచ్చి చూపించాను. ఆ బండిలో సుదర్శనం గారే మేనల్లుడి పెళ్లికి వెళ్లొచ్చారని తర్వాత తెలిసింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంతమందిమి కలిసి అడిగితే అంకారావు తల వంచుకున్నాడే గాని పెదవి విప్పలేదు. ఏసుబాబు కాగితం రాసి, సంతకం పెట్టి, సుదర్శనం గారి చేతికిచ్చాడు.

గేరుబాక్సు కిందికి దించడానికి జాకీ తెస్తుంటే అప్పుడు లేచారు మేస్త్రి. ఆగి ఉన్న బండిలో డ్రైవరు సీట్లో కూర్చుని, గేరు రాడ్డును అన్ని గేర్లలోకీ ఒకసారి కదిపి చూశారు.

"ఏసూ, ఒకటీ మూడూ అయిదూ బానే పడుతున్నయ్ గదా?"

"పడుతున్నయ్."

"అవి రాడ్డును ముందుకు తోసేవి. చెడినయ్ ఏవి?"

ఏసుబాబు వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. రెండు, నాలుగు, రివర్సు. మూడూ రాడ్డును వెనక్కి లాగి వేసేవే. లోపల పళ్లు అరిగితే అవి ముందూ వెనకా చూసుకుని అరగవు. ఇంజను ఆపి ఉన్నా రాడ్డు వెనక్కి వస్తూ ఒకేచోట దేనికో కొట్టుకుంటోంది. పొద్దున సుదర్శనం గారు ఆ మూడు గేర్ల పేర్లూ వరసగా చెప్పనే చెప్పారు. ఏసుబాబు ఆ తర్వాత చెప్పినదాన్ని పట్టుకున్నాడు.

రాడ్డు చుట్టూ ఉన్న తోలు తొడుగు ఊడదీస్తే లోపల కొత్త ఇనప పట్టీ, దానికొక తాళం. వంకరగా బిగించడంతో అది రాడ్డుకు అడ్డుపడుతోంది.

సుదర్శనం గారి మొహం పాలిపోయింది. తాను ఊళ్లో లేనప్పుడు బండి కదలకుండా, రెండు నెలల కిందట వేరే ఊళ్లో ఆయనే రహస్యంగా పెట్టించిన తాళమది. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది, అయినా గేర్లు అంతకుముందు తిప్పిన తిప్పుడుకే పోయాయని నమ్మారు.

"నీకు తెలియదా ఇది?" అని అంకారావును అడిగాడు ఏసుబాబు.

"మ్యాట్లు దులిపేటప్పుడు తొడుగు అంచు లేచి కనబడిందన్నా. మొదట్నుంచీ తెలుసు. చెప్తే, అయితే బండి తియ్యబోయావన్నమాట, లేకపోతే నీకెట్టా తెలిసింది అంటారని ఊరుకున్నా."

సరిగ్గా ఆ మాటే అనడానికి నోరు తెరిచిన సుదర్శనం గారు మళ్లీ మూసుకున్నారు.

ఏసుబాబు ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని చింపేశాడు. తాళం ఊడదీసి, కొత్త ఆయిలు పోసి నడిపి చూస్తే గేర్లన్నీ చక్కగా పడ్డాయి. ఆ తాళాన్ని అక్కడే పారెయ్యమన్నారు సుదర్శనం గారు. గండం గడిచిందనుకున్నాం. అంకారావు మాత్రం బండెక్కలేదు.

"తాళం మళ్లీ పెట్టండి మేస్త్రిగారూ," అన్నాడు. "అది ఉంటే, అయ్యగారు లేనప్పుడు నేను బండి తియ్యలేదని రుజువన్నా ఉంటది. రేపు ఇంకోటేదన్నా చెడితే నాకెవరున్నారు?"

పదకొండేళ్లు నమ్మకంగా చేసిన మనిషి అడిగిన మాట అది. సుదర్శనం గారు రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ నిలబడ్డారు. ఏసుబాబు తాళం చేతిలో పట్టుకుని, ఏం చెయ్యమంటారన్నట్టు గురువు వైపు తిరిగాడు.

"బిగించు," అన్నారు మీరావలి మేస్త్రి. "వెనకాల వేలెడు జాగా వదిలి బిగించు."