ఊసరవెల్లి కళ్ల తగాదా

ఒకప్పుడు ఊసరవెల్లి రెండు కళ్లవీ రెండు దారులు. కుడికన్ను కాకిని చూస్తే, ఎడమకన్ను కందిరీగను చూసేది. రెండూ కలిసి ఒక్కదాన్ని చూసిన పాపాన పోలేదు. ఈగను పట్టడం చేతకాక ఊసరవెల్లులన్నీ రాలిన పళ్లే తినేవి. పళ్లయితే పారిపోవు కదా!

రంగి అనే ఊసరవెల్లి పిల్లకు బడి ఈడు వచ్చింది. ఆ అడవి బడిలో చేరాలంటే, పంతులుగారి ముందు తన బువ్వ తనే పట్టుకోవాలి. రాలినవి ఏరుకుంటే కుదరదు. రంగి నేస్తాలు కప్ప పిల్లా, తొండ పిల్లా అప్పుడే చేరిపోయాయి.

రంగి వంతు వచ్చింది. కుడికన్ను ఈగను చూసింది. ఎడమకన్ను మేక పంతులుగారిని చూసింది. పాపం నాలుక ఎవరి మాట వింటుంది? ఠప్పున వెళ్లి పంతులుగారి గడ్డానికి అతుక్కుంది!

"మ్మే! వదలవే తల్లీ!" అంటూ పంతులుగారు గంతులేశారు. గడ్డానికి వేలాడుతూ రంగి కూడా ఊగింది. పిల్లలు నవ్వలేక చచ్చారు.

"రేపు ఇంకోసారి రా. రేపూ ఇంతే అయితే, మళ్లీ వచ్చే తొలకరికే!" అన్నారు పంతులుగారు.

రంగి వెక్కి వెక్కి ఏడ్చింది. "అందరూ బడిలో ఉంటే నేనొక్కదాన్నే కొమ్మ మీద కూర్చోవాలా?"

"బుద్ధిగా చూడవే!" అని అమ్మ అరిచింది. అరిస్తే బుద్ధి వస్తుందా? బెదిరి ఇంకాస్త దూరం పారిపోతుంది.

అమ్మమ్మ మాత్రం అరవలేదు. "ఒసే రంగీ, ఆ చీమ నూకగింజ మోసుకుపోతోంది. నాకు చూపు ఆనదు. అది ఇల్లు చేరేదాకా ఏమేం చేస్తుందో చెప్పవే" అంది.

"ఎక్కుతోంది అమ్మమ్మా! అయ్యో, జారింది! ఇంకో చీమ వచ్చి గింజ లాగుతోంది!"

చూస్తున్నది కుడికన్ను ఒక్కటే. ఎడమకన్ను ఉండబట్టలేకపోయింది.

"ఏయ్, గింజ ఎవరికి దక్కింది?"

"జరుగు, అడ్డం రాకు!"

"నేనూ చూస్తా!"

అలా పోట్లాడుకుంటూనే రెండు కళ్లూ చీమ మీద వాలాయి. అది పుట్టలో దూరేదాకా కదల్లేదు.

"ఇంకో చీమ, అమ్మమ్మా!" అని రంగే అడిగింది. పొద్దుగూకేదాకా అదే ఆట.

మర్నాడు పంతులుగారు ముందుజాగ్రత్తగా గడ్డం చంకలో దాచుకున్నారు. ఈగ వచ్చి వాలింది. ఎడమకన్ను అలవాటుగా సీతాకోకచిలుక వెంట పోబోయింది.

"ఇటు రావే! ఈగ చేతులు రుద్దుకుంటోంది!" అంది కుడికన్ను.

"ఏదీ, ఏదీ?" అంటూ ఎడమకన్ను పరుగున వచ్చింది. రెండూ కలిసి చూశాయి. నాలుక ఠప్! ఈగ గుటుక్కు!

రంగి సంతోషం పట్టలేక ఎర్రగా, పచ్చగా, పసుపుగా మారిపోయి బడిలోకి పరుగెత్తింది. ఆ విద్య చూసి ఊసరవెల్లులన్నీ నేర్చుకున్నాయి.

అప్పటినుంచే ఊసరవెల్లి కళ్లు మామూలప్పుడు ఎవరి షికారుకు వాళ్లు పోతాయి. ఈగ కనపడిందంటే మాత్రం రెండూ ఒక్కచోట చేరతాయి. ఆ కాసేపు పక్కనుంచి ఏనుగుల పెళ్లి ఊరేగింపు వెళ్లినా అటు చూడవు!