ముందు తీసిన గుప్పెడు

అనగా అనగా, కాలవ కింద చేలన్నీ ఒక్కసారే పచ్చబడే కాలంలో, ఒక ఊళ్ళో సువార్తమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె పొయ్యి పక్కన ఒక చిన్న మట్టికుండ ఉండేది. దాన్ని దేవుడి కుండ అనేవారు.

పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు సువార్తమ్మ ఒక గుప్పెడు తీసి అందులో వేసేది. "ప్రభువా, ఈ పూట నీ దయ" అనేది. ఆ తర్వాతే వంట.

ఊళ్ళో ఉన్న కొద్దిపాటి క్రైస్తవ ఇళ్ళలో అదే ఆనవాయితీ. నెలకోసారి ఆదివారంనాడు ఆడవాళ్ళు ఆ కుండలు తెచ్చి ప్రభువు గుడిలో పెట్టిన గంపలో పోసేవారు. ఆ బియ్యంతోనే దిక్కులేని ముసలివాళ్ళకు గంజి కాచేవారు.

కుండ వెనకాల ఒక చిట్టెలుక కాపురం ఉండేది. సువార్తమ్మ గుప్పిట్లోంచి జారిన గింజలే దాని బతుకు.

నాట్ల రోజులొచ్చాయి. ఒక పొద్దున మొగుడు యోబు గుమ్మంలో నిలబడి, "అన్నం అయిందా లేదా? కూలోళ్ళు చేలో దిగిపోయారు" అన్నాడు. సువార్తమ్మ కొలిచిన బియ్యమంతా ఎసట్లో పోసేసింది. గుప్పెడు సాయంత్రం వేద్దాంలే అనుకుంది. సాయంత్రానికి ఒళ్ళు అలిసి మరిచిపోయింది.

మరికొన్నాళ్ళకు అన్నావదినలు పిల్లలతో వచ్చారు. వాళ్ళు వెళ్ళాక మిగిలిన బియ్యంలోంచి వేద్దాంలే అనుకుంది. వాళ్ళు వెళ్ళేసరికి బియ్యం బాన అడుగు కనబడింది.

ఆ తర్వాత ముసురు పట్టింది. ఇంటికప్పు కారింది. ఆ హడావుడిలో గుప్పెడూ పోయింది, దానితోపాటు ప్రార్థనా పోయింది.

ఒకనాడు చిట్టెలుక తల బయటపెట్టింది. "వదినా, దేవుడు ఊరు మారాడా? ఈమధ్య నాకు గింజ రాలడం లేదు."

"నోరు మూసుకుని పడుండు" అంది సువార్తమ్మ. కానీ కుండ ఎత్తి చూసి గతుక్కుమంది. మర్నాడే గంపలో బియ్యం పోసే ఆదివారం. కుండ అడుగున చారెడు బియ్యమే ఉన్నాయి. బానలో చూస్తే ఇంటికే చాలీచాలకుండా ఉన్నాయి.

"దానికెందుకు దిగులు? కోళ్ళకని మూటగట్టి పెట్టిన పురుగు బియ్యం పోసెయ్. గంపలో కలిశాక ఎవరివో ఎవరికి తెలుస్తుంది?" అంది ఎలుక.

సువార్తమ్మ చెయ్యి ఆ మూటదాకా వెళ్ళి ఆగింది. "నువ్వు తింటావా వాటిని?"

"నాకేం ఖర్మ" అంది ఎలుక.

సువార్తమ్మ మూట ముడి విప్పలేదు. ఆ చారెడు బియ్యంతోనే గుడికి వెళ్ళింది.

"కుండలో బియ్యం తెచ్చిందా, గాలి తెచ్చిందా?" అని వెనకనుంచి ఎవరో నవ్వారు. సువార్తమ్మ తల దించుకుని, "లేక కాదు. మిగిలితే వేద్దామనుకున్నాను, మిగల్లేదు" అంది.

ఆవేళ గంజి పలచనైంది. ఆ గంజి తాగుతున్న తబితా మామ్మ ఆమెను పక్కన కూచోబెట్టుకుంది.

"నా చేతులు ఆడినన్నాళ్ళు నేనూ వేసినదాన్నేనమ్మాయ్. కరువులో కూడా ముందే తీసేదాన్ని. ఆ గుప్పెడు తక్కువైందని మా ఇంట్లో ఒక్కరూ కంచం దగ్గర అలగలేదు" అంది.

మర్నాడు పొద్దున యోబు మళ్ళీ గుమ్మంలో నిలబడ్డాడు. "ఇంకా ఎంతసేపు?"

"ఒక్క క్షణం మావా" అంది సువార్తమ్మ. గుప్పెడు తీసింది, కళ్ళు మూసుకుంది, ప్రభువు పేరు తలిచింది. అప్పుడు మిగతా బియ్యం ఎసట్లో పోసింది.

వడ్డించి, మొగుడి కంచం వంకే చూస్తూ కూచుంది. యోబు తిని, చెయ్యి కడుక్కుని, "కూరే కాస్త తగ్గింది" అని చేలోకి వెళ్ళిపోయాడు. అన్నం మాటే ఎత్తలేదు. సువార్తమ్మకు నవ్వొచ్చింది.

కుండ వెనకాల ఎలుక గింజలు కొరుకుతూ, "దేవుడు తిరిగొచ్చాడా వదినా?" అంది.

"ఆయన ఎక్కడికీ పోలేదు. పోయివచ్చింది నేనే" అంది సువార్తమ్మ.

దేవుడికని ముందు తీసిన గుప్పెడు ఎవరి కడుపుకీ తక్కువ చెయ్యదు. మిగిలితే ఇద్దామనుకున్న గుప్పెడు ఎన్నటికీ మిగలదు.